తాళం వేసి గొళ్ళెం మరిచిన ఫోన్లు

ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ. బల్ల మీద వెల్లకిలా పెట్టిన ఒక ఫోన్‌ని ఊహించుకోండి. దానికి వేలిముద్ర తాళం ఉంది, ఆరంకెల పిన్ కూడా ఉంది. యజమానురాలు చెయ్యి కడుక్కుని వచ్చేలోపు ఆ తెర నాలుగుసార్లు వెలుగుతుంది. మొదటిది బ్యాంకు సందేశం: ఖాతా నంబరు చివరి అంకెలు, ఈఎంఐ కింద పోయిన మొత్తం, ఖాతాలో మిగిలిన నిల్వ. రెండోది డయాగ్నొస్టిక్ సెంటర్ నుంచి: ఫలానా పరీక్ష రిపోర్టు సిద్ధంగా ఉందని, పేరుతో సహా. మూడోది ఉద్యోగాల వెబ్‌సైట్ నుంచి: రేపు పదకొండింటికి మీ ఇంటర్వ్యూ. నాలుగోది స్నేహితురాలి వాట్సాప్: ‘ఆయన రాత్రి మళ్ళీ తాగొచ్చి...’ అక్కడితో వాక్యం తెగిపోయింది. తెగినా, కంటపడినవాళ్ళకి అర్థం కావలసిందంతా అయిపోయింది. ఎవరూ ఆ ఫోన్ ముట్టుకోలేదు, తాళం తియ్యలేదు. పక్క కుర్చీలో కూర్చుని అన్నం తింటున్నారంతే. ఒకామె అప్పు, ఆరోగ్యం, ఉద్యోగం మారే ఆలోచన, ఇంకొకామె కాపురం గుట్టు, అన్నీ క్యారేజీ గిన్నెల పక్కన పరిచినట్టయింది.

ఫోన్ భద్రత గురించి వచ్చే సలహాలు ఎక్కువగా మొదటి సందేశం దగ్గరే ఆగిపోతాయి. ఓటీపీ ఎవరి కంటనైనా పడితే డబ్బు పోతుంది, జాగ్రత్త అంటాయి. ఆ మాట సబబే. కానీ నాలుగో సందేశాన్ని పక్కనబెట్టి మాట్లాడితే అసలు సంగతి జారిపోతుంది. ఆ మాటలు ఫోన్ యజమానురాలివి కావు. రాసినామె ఒక్క మనిషిని నమ్మి, ఆ ఒక్క మనిషే చదువుతుందనుకుని రాసింది. వాటిని నలుగురి ముందు పెట్టింది ఏ దొంగో, హ్యాకరో అనుకుంటే పొరపాటు. ఫోన్ కొన్న రోజున ఉన్నదున్నట్టు వదిలేసిన ఒక సెట్టింగ్ ఆ పని చేసింది. అందుకే లాక్ స్క్రీన్ మీద సందేశాల సారం కనపడకుండా చేసుకోవడాన్ని సొంత జాగ్రత్తగా మాత్రమే లెక్కగడితే సరిపోదు. మనల్ని నమ్మి రాసినవాళ్ళ పట్ల మనకున్న బాధ్యత కూడా అందులో ఉంది. ఈ వైపు నుంచి చూస్తే, ‘నాకు దాచుకోవలసినదేమీ లేదు’ అనే మనిషి కూడా మరోసారి ఆలోచించక తప్పదు.

సందేశాలు తాళం బయట కనపడటం సాంకేతికంగా తప్పనిసరేమీ కాదు. అది తయారీదారులు ఎంచుకున్న పద్ధతి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 లాలీపాప్‌తో నోటిఫికేషన్లు నేరుగా లాక్ స్క్రీన్ మీదికొచ్చాయి. అప్పుడే గూగుల్ మూడు దారులు కూడా ఇచ్చింది: మొత్తం చూపించడం, ఫలానా యాప్ నుంచి ఏదో వచ్చిందని మాత్రం చెప్పి లోపలి మాట దాచడం, అసలేమీ చూపించకపోవడం. మూడూ ఉన్నా చాలామంది మొదటిదాంట్లోనే ఉండిపోయారు, ఎందుకంటే కొత్త ఫోన్ చేతికొచ్చిన హుషారులో అడిగిన ప్రతిదానికీ సరే అని నొక్కుకుంటూ పోతాం. ఐఫోన్ కథ ఇంకా స్పష్టం. 2017లో ముఖాన్ని గుర్తుపట్టే ఐఫోన్ టెన్ వచ్చినప్పుడు యాపిల్ తన పద్ధతినే మార్చుకుంది. ఆ ఫోన్‌లో ముందే చేసిపెట్టిన అమరిక ప్రకారం, సందేశం వస్తే ఏ యాప్ నుంచి వచ్చిందో తెలుస్తుంది గానీ లోపలి మాట కనిపించదు. యజమాని ముఖం ఎదురుగా రాగానే అక్షరాలు బయటపడతాయి, పక్కవాళ్ళు తొంగిచూస్తే ఏమీ ఉండదు. కోట్లమంది ఏ ఇబ్బందీ లేకుండా ఆ పద్ధతికి అలవాటుపడ్డారు. దాచిపెట్టడం సౌకర్యాన్ని చంపేస్తుందన్న వాదనకి ఇంతకన్నా పెద్ద జవాబు అక్కర్లేదు.

ఇంతకీ చూసేదెవరు? మ్యూనిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో, ఇతరుల తెరల్లోకి తొంగిచూసిన అనుభవాల గురించి 174 మందిని అడిగి ఒక అధ్యయనం ప్రచురించారు. అది లాక్ స్క్రీన్‌కే పరిమితమైనది కాదు గానీ ఇక్కడ బాగా పనికొస్తుంది. తొంగిచూడటం ఎక్కువగా బస్సుల్లో, రైళ్ళలో జరుగుతోంది. ఎక్కువసార్లు చూసినవాళ్ళూ, చూడబడినవాళ్ళూ ఒకరికొకరు తెలియనివాళ్ళు. చూసినవాళ్ళలో చాలామందికి దురుద్దేశమేమీ లేదు. ఊరికే కూర్చున్నారు, పక్కన తెర వెలిగింది, కన్ను అటు వెళ్ళింది. అమీర్‌పేట దగ్గర కిక్కిరిసిన మెట్రోలోనో, మోకాళ్ళు మోకాళ్ళు తగిలే షేర్ ఆటోలోనో ప్రయాణించినవాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు. చదవడం వచ్చిన కన్ను అక్షరం ఎదురైతే చదివేస్తుంది, దాన్ని ఆపడం మనసు చేతిలో లేదు. అలాంటప్పుడు చూసినవాళ్ళని సంస్కారం లేదని తిట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. కంటబడకుండా చెయ్యగలిగేది తెర చేతిలో ఉన్నవాళ్ళే.

అయితే బస్సులో చూసినవాడు తర్వాతి స్టాపులో దిగిపోతాడు. దిగిపోనివాళ్ళు చూసినప్పుడే చిక్కు. గూగుల్ పరిశోధకులు 2018లో వెలువరించిన ఒక అధ్యయనం కోసం భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో 199 మంది మహిళలతో మాట్లాడారు. ఫోన్ ఆమెదే అయినా దాన్ని పిల్లలు, భర్త, అత్తింటివాళ్ళు వాడుకోవడం, చూడటం మామూలేనని అందులో తేలింది. చేతిలోంచి అడిగి తీసుకుంటే ఇవ్వననడం కుదరని చోట, ఆ మహిళలు యాప్‌లకి తాళాలు వేసుకుంటున్నారు, సందేశాలు ఏరి చెరిపేస్తున్నారు, కొన్ని విషయాలు ఫోన్‌లో మాట్లాడటమే మానేస్తున్నారు. ఇన్ని తంటాలు పడి లోపల చెరిపేసినా, సందేశం వచ్చిన క్షణాన తెర మీద కనిపించిపోతే పడ్డ శ్రమంతా వృథా. ఇంట్లో గొడవలున్న స్నేహితురాలికి ధైర్యం చెబుతున్నవాళ్ళ సంగతే తీసుకోండి. ఇటునుంచి వెళ్ళే ‘వచ్చెయ్, మేమున్నాం’ అన్న ఒక్క మాట అక్కడ ఎవరి కళ్ళబడుతుందన్నదాని మీద ఆమె రాత్రి ఎలా గడుస్తుందో ఆధారపడి ఉండొచ్చు. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు పెద్దలు. ఇంట్లో మనిషికి ఇంట్లోనే కాస్త గుట్టు అవసరమయ్యే సందర్భాలూ ఉంటాయి.

ఈ విషయంలో చట్టం ఎంతవరకు వస్తుందో కూడా తెలుసుకోవాలి. పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. కానీ ఆ చట్టమే, ఒక వ్యక్తి తన సొంత అవసరాలకో ఇంటి అవసరాలకో డేటాని వాడుకుంటే అది తన పరిధిలోకి రాదని చెబుతుంది. బావమరిది మీ తెర మీద సందేశం చదివితే ఫిర్యాదు చెయ్యడానికి ఆ చట్టంలో తలుపు లేదు, ఉండాలని కోరుకోవడం కూడా అతే అవుతుంది. ఆరోగ్యం సంగతి ఇంకా విచిత్రం. హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రెండూ 2017లో వచ్చినవే. రోగి వివరాలు బయటికి పొక్కకూడదని రెండూ గట్టిగా చెబుతాయి. ఆసుపత్రి ఫైలుని బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. అదే ఆసుపత్రి అపాయింట్‌మెంట్ గుర్తుచేస్తూ డాక్టరు పేరు, విభాగం పేరుతో పంపిన ఎస్సెమ్మెస్ మాత్రం వరండాలో ఛార్జింగ్‌కి పెట్టిన ఫోన్ మీద అందరికీ కనిపిస్తుంది. చట్టం కాపాడిన రహస్యం చివరి గజం దూరంలో మన సెట్టింగ్ దగ్గర జారిపోతోంది.

ఇక డబ్బు సంగతి. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి అదనపు ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009లోనే నియమం పెట్టింది. కాలక్రమంలో ఆ పని ఎక్కువగా ఎస్సెమ్మెస్ ఓటీపీల మీదే నడుస్తూ వచ్చింది. ఓటీపీ అంటే అర్థం, ఈ ఫోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళే అసలు మనిషి అని నమ్మడం. ఆ అంకెలు తాళం బయటే కనిపిస్తే ఫోన్ చేతిలో ఉండక్కర్లేదు, కంటికి ఆనితే చాలు. వాట్సాప్‌నే చూడండి. మీ నంబరుతో వేరే ఫోన్‌లో వాట్సాప్ తెరవాలంటే మీ ఫోన్‌కి వచ్చే ఆరంకెల కోడ్ ఒక్కటి చాలు. మీ పక్కన కూర్చున్నవాడు తన ఫోన్‌లో మీ నంబరు కొట్టి, మీ తెర మీద వెలిగిన అంకెలు చూసి ఎక్కించుకుంటే, మీ ఖాతా అతని చేతికి పోతుంది. ఆ తర్వాత మీ పేరుతో మీ బంధువులకి ‘అర్జంటుగా పదివేలు పంపు, సాయంత్రం ఇచ్చేస్తా’ అన్న సందేశాలు వెళతాయి. ఇక్కడ కూడా దెబ్బ తగిలేది మీ ఒక్కరికే కాదు, మీ పేరు చూసి డబ్బు పంపినవాళ్ళకి. ఈ దారి మూసెయ్యాలంటే వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ కోడ్‌ని వాట్సాప్ ఫోన్ చేసి కూడా చెబుతుంది, వచ్చిన కాల్ ఎత్తడానికి తాళం అడ్డురాదు.

‘ఇదంతా సరేగానీ, మా తాతలనాడు ఇన్ని రహస్యాలున్నాయా’ అనేవాళ్ళుంటారు. ఉన్నాయి, వాటికి పద్ధతులూ ఉన్నాయి. తపాలా రోజుల్లో ఏ మాట కార్డు మీద రాయాలో, ఏది ఇన్‌లాండ్ లెటర్‌లో మడిచి అంటించాలో అందరికీ తెలుసు. క్షేమ సమాచారం కార్డుకెక్కేది, పోస్టుమాన్ చదివినా ఫరవాలేదు. కూతురు అత్తింట్లో పడుతున్న కష్టం, పొలం అమ్మకం, అప్పు సంగతి కార్డు మీద రాసేవాళ్ళు కారు. శుభలేఖ కవరు అంచులకి పసుపు పూసేవాళ్ళు. పంచేవాడికీ, వీధరుగు మీద కూర్చున్నవాళ్ళకీ శుభవార్తేనని దూరం నుంచే తెలిసేది. ఎవరి పెళ్ళి, ఎక్కడ, ఏ ముహూర్తం అన్నది మాత్రం చింపి చూసినవాళ్ళకే. ఫలానావాళ్ళ నుంచి సందేశం వచ్చిందని చెప్పి లోపలిది దాచే లాక్ స్క్రీన్ చేసేది కూడా ఇదే. తేడా ఒక్కటే: అప్పుడు కార్డా కవరా అన్నది రాసేవాళ్ళు నిర్ణయించుకునేవాళ్ళు. ఇప్పుడు రాసేవాళ్ళు కవరనుకుని రాస్తారు, అందుకునే ఫోన్ దాన్ని కార్డు చేసేస్తుంది. అవతలి ఫోన్‌లో ఏ సెట్టింగ్ ఉందో రాసేవాళ్ళకి తెలిసే వీలు లేదు. అందుకే ఆ భారం అందుకునేవాళ్ళ మీదే పడుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో కొట్టిపారెయ్యలేనిది ఒకటుంది. నిన్నటిదాకా కనిపించిన సందేశాలు ఇవాళ కనపడకపోతే భార్యకో భర్తకో అనుమానం రాదా, కొత్తగా ఏం దాస్తున్నారని అడగరా? అడుగుతారు. ఇంట్లో ఒక్కరే తెర మూసుకుంటే అది అందరికీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఏదో ఉందనే అనిపిస్తుంది. దీనికి విరుగుడు ఆ సెట్టింగ్ మానుకోవడం కాదు, ఇంటిల్లిపాది ఫోన్లలోనూ ఒకే రోజు పెట్టెయ్యడం. అందరి గదికీ తలుపు ఉన్న ఇంట్లో ఎవరు తలుపు వేసుకున్నా ఎవరూ పట్టించుకోరు. పైగా, నమ్మకం మీద నడిచే కాపురంలో ఇద్దరూ ఒకరి పిన్ ఒకరికి చెప్పుకోవచ్చు. అడిగి చూడటంలో ఒక అనుమతి ఉంది, అటుగా వెళుతూ కంటబడటంలో అది లేదు. అన్నిటికీ మించి, మీ చెల్లెలు మీకు చెప్పుకున్న బాధ మీ జీవిత భాగస్వామికి తెలియాలా వద్దా అన్నది మీ చెల్లెలు తేల్చుకోవలసిన విషయం. భార్యాభర్తల మధ్య దాపరికం ఉండకూడదన్న సూత్రం మూడో మనిషి రహస్యానికి వర్తించదు.

సౌకర్యం గురించిన అభ్యంతరాలకి జవాబు అంత కష్టం కాదు. డెలివరీ కుర్రాడు గుమ్మంలో ఉండగా ఓటీపీ కోసం తాళం తీయడం చికాకే, కానీ అది వేలు ఆనించినంత సేపు. చాలా యాప్‌లు ఎస్సెమ్మెస్‌లోని ఓటీపీని తామే తీసుకుని నింపేస్తున్నాయి కూడా. ఆటో, క్యాబ్, వాతావరణం, క్రికెట్ స్కోరు వంటివి బాహాటంగా కనిపించినా నష్టం లేదు, వాటిని యాప్ వారీగా వదిలెయ్యవచ్చు. ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియాలి కదా అంటే, అందుకు వేరే ఏర్పాటు ఉంది. ఐఫోన్‌లో మెడికల్ ఐడీ, ఆండ్రాయిడ్‌లో ఎమర్జెన్సీ సమాచారం అన్న చోట రక్తం గ్రూపు, మందుల వివరాలు, ఇంటివాళ్ళ నంబర్లు నింపిపెడితే, తాళం తియ్యకుండానే ఎమర్జెన్సీ మీట నొక్కి చూడవచ్చు. ఆపదలో పనికొచ్చేది అది, బ్యాంకు నిల్వ కాదు. పెద్దవాళ్ళ విషయంలో మాత్రం కాస్త పట్టువిడుపు ఉండాలి. అమెరికాలో ఉన్న కొడుకు పంపిన రెండు ముక్కలు తెర మీదే చదువుకునే తల్లికి, వేలిముద్ర సరిగా పడని చేతులకి, అన్నీ దాచేస్తే ఫోనే భారమవుతుంది. అలాంటివాళ్ళకి ఎస్సెమ్మెస్‌లు మాత్రం దాచి వాట్సాప్ వదిలెయ్యడం ఒక మధ్యేమార్గం.

చేసుకునే పద్ధతి నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నోటిఫికేషన్స్‌లో షో ప్రివ్యూస్ అన్నదాన్ని వెన్ అన్‌లాక్డ్‌కి మార్చాలి. ఆండ్రాయిడ్‌లో ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది గనుక, సెట్టింగ్స్ పైనున్న వెతుకులాట గడిలో లాక్ స్క్రీన్ అని కొడితే నోటిఫికేషన్ల అమరిక దొరుకుతుంది. అందులో కంటెంట్ దాచమనో, సెన్సిటివ్ విషయాలు చూపవద్దనో ఉండేదాన్ని ఎంచుకోవాలి. ఫోన్‌కి పిన్నో వేలిముద్రో లేకపోతే ఇదంతా నిరర్థకం. వాట్సాప్‌లో 2023లో వచ్చిన చాట్ లాక్‌తో ఒకరిద్దరి సంభాషణలనే విడిగా తాళంలో పెట్టవచ్చు, వాటి నోటిఫికేషన్లలో పేరూ మాటా రెండూ కనపడవు. సిగ్నల్‌లోనైతే పేరు, మాట రెండూ చూపాలా, పేరొక్కటేనా, ఏదీ వద్దా అన్నది సెట్టింగ్స్‌లో ఎంచుకోవచ్చు. చేతికున్న స్మార్ట్ వాచీని, కారు తెరని మరిచిపోవద్దు. ఫోన్‌లో దాచింది అక్కడ పెద్దక్షరాల్లో కనిపించవచ్చు, ఇయర్‌ఫోన్స్‌లో కాక స్పీకర్‌లో చదివి వినిపించవచ్చు కూడా.

ఇంత చేసినా ఇది అన్ని రోగాలకీ మందు కాదు. ఫోన్ దొంగ చేతికి పోతే అతను సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుంటాడు, ఓటీపీలు అక్కడికి వెళతాయి. దాన్ని ఆపేది సిమ్ పిన్. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోయి పీయూకే కోడ్ అడుగుతుంది గనుక, ఆపరేటర్‌ని అడిగి తెలుసుకున్నాకే పెట్టుకోవాలి. పోయిన ఫోన్‌ని నిలిపివేయించడానికి 2023లో దేశమంతటికీ వచ్చిన సంచార్ సాథీ ఉంది, ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఫిర్యాదుకి 1930 నంబరు ఉంది. ఇక ప్రభుత్వాల చూపు సంగతి వేరు. యాప్‌లు పంపే నోటిఫికేషన్లు యాపిల్, గూగుల్ సర్వర్ల మీదుగా వస్తాయి. ఆ సమాచారాన్ని ప్రభుత్వాలు అడుగుతున్నాయని 2023 డిసెంబరులో అమెరికా సెనెటర్ రాన్ వైడెన్ బయటపెట్టారు. లాక్ స్క్రీన్ సెట్టింగ్ దాన్నేమీ ఆపలేదు. దానికి అప్పజెప్పిన పని చిన్నది, పక్కనున్న కంటిని ఆపడం. తాళం వేసి ఉన్నంతసేపు ఆ పని మాత్రం అది బాగానే చేస్తుంది.

భారమంతా వాడేవాళ్ళ మీద వెయ్యడం మాత్రం న్యాయం కాదు. ఆండ్రాయిడ్‌లో యాప్ తయారుచేసేవాళ్ళు ఒకే నోటిఫికేషన్‌కి రెండు రూపాలు రాయవచ్చు, తాళం బయట చూపడానికి ఒకటి, తీశాక చూపడానికి ఒకటి. బ్యాంకు యాప్ బయట ‘మీ ఖాతాలో ఒక లావాదేవీ జరిగింది’ అని ఊరుకుని, మొత్తం, నిల్వ లోపల చెప్పవచ్చు. ఎస్సెమ్మెస్‌కి ఆ వీలు లేదు, అందులో ఏం రాశారో అదే కనిపిస్తుంది. కాబట్టి ఆసుపత్రులు, ల్యాబులు, బ్యాంకులు ఎస్సెమ్మెస్‌లో విభాగం పేరు, పరీక్ష పేరు, నిల్వ రాయడం మానితే సగం చిక్కు తీరుతుంది. ఫోన్ కంపెనీలు, దాచిపెట్టడాన్నే మొదటి అమరికగా పెట్టి, కావలసినవాళ్ళని తెరుచుకోమంటే మిగతా సగం తీరుతుంది. అవి చేసేదాకా ఆగనక్కర్లేదు. మీకు వచ్చే సందేశాల్లో మీరు రాసినవి ఒక్కటీ లేవు, అన్నీ ఇతరులవే. వాటిని ఎవరు చూడాలో తేల్చే హక్కు ఫోన్ కంపెనీ మీకిచ్చింది. దాన్ని రాసినవాళ్ళ తరఫున వాడండి.